పెళ్లిళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది?

ఒక సంవత్సరంలో మన దేశంలో ఎంతమంది పిల్లలు పుట్టారని అడిగితే భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం జవాబు చెప్పగలదు. 2019లో 2.48 కోట్ల జననాలు నమోదయ్యాయని, జరిగి ఉంటాయని అంచనా వేసిన జననాల్లో ఇది 92.7 శాతమని ఆ కార్యాలయం ప్రకటించింది. మరణాల నమోదు అదే ఏడాది 92 శాతానికి చేరింది. మరి అదే 2019లో దేశంలో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత చట్టప్రకారం దేశంలో ఏ కార్యాలయం మీదా లేదు. ఏటా పెళ్లీడుకు వచ్చే ఆడపిల్లల సంఖ్యను బట్టి, వారిలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పెళ్లి అవుతుందన్న నమ్మకాన్ని బట్టి, ఏటా కోటి పైచిలుకు వివాహాలు జరుగుతూ ఉండాలని స్థూలంగా ఊహించుకోవచ్చు. కానీ ఊహ ఊహే, అది నమోదు కాదు. ఇంత పెద్ద సామాజిక వ్యవహారం, ఇన్ని కుటుంబాల ఆస్తిపాస్తులనూ ఆడవారి బతుకులనూ నిర్ణయించే వ్యవహారం, జాతీయ గణాంకాల్లో ఏటేటా కనిపించే ఒక అంకెగా మారకపోవడానికి కారణాలు చరిత్రలో, చట్టాల్లో, కార్యాలయాల పనితీరులో చిక్కుపడి ఉన్నాయి. ఆ చిక్కును వీలైనంత విప్పి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రెండు రకాల లెక్కలను వేరు చేసుకోవాలి. చెరువులో ఈ రోజు ఎంత నీరుందో కొలబద్ద చూసి చెప్పడం ఒక లెక్క. ఏడాది పొడవునా ఎంత నీరు వచ్చి చేరింది, తూము గుండా ఎంత వెళ్లిపోయింది అన్నది మరో లెక్క. జనగణన మొదటి రకానిది. ఫలానా రోజున దేశంలో పెళ్లయినవారు, కానివారు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారు, విడిపోయినవారు ఎంతమంది ఉన్నారో అది చెబుతుంది. ఈ ఏడాది ఎంతమందికి పెళ్లయింది, ఎంతమంది విడాకులు తీసుకున్నారు అన్నది రెండో రకం. అది ఎప్పటికప్పుడు జరిగే నమోదు వల్ల మాత్రమే తెలుస్తుంది. భారతదేశం మొదటి రకం లెక్కలో ప్రపంచంలోనే పాత అనుభవం గల దేశాల్లో ఒకటి. పెళ్లిళ్ల విషయంలో రెండో రకం లెక్కలో మాత్రం ఇంకా తొలి అడుగుల దగ్గరే ఉంది.

జననాల నమోదు ఎలా నడుస్తుందో చూస్తే పెళ్లిళ్ల నమోదులో ఏది లోపించిందో సులభంగా అర్థమవుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దేశమంతటికీ ఒకటే. బిడ్డ పుట్టిన చోట సమాచారం ఇవ్వవలసిన వ్యక్తి ఎవరో, పుచ్చుకోవలసిన రిజిస్ట్రార్ ఎవరో, గడువెంతో ఆ చట్టం చెబుతుంది. జనన నివేదిక ఫారంలో రెండు భాగాలు ఉంటాయి. పేరు, తేదీ, స్థలం, తల్లిదండ్రుల వివరాలు గల చట్టపరమైన భాగం రిజిస్టర్‌లో భద్రమవుతుంది. తల్లి చదువు, వృత్తి, కాన్పు ఎక్కడ ఎవరి సాయంతో జరిగింది వంటి వివరాలు గల గణాంక భాగం విడిగా తీసి పై కార్యాలయాలకు పంపడానికి. మొదటిది పౌరుడి హక్కు కోసం, రెండోది దేశం లెక్క కోసం. ఒకే కాగితం నుంచి ఈ రెండు ప్రయోజనాలూ నెరవేరేలా ఏర్పాటు చేయడమే ఈ వ్యవస్థలోని తెలివి. జనన మరణాలతో పాటు వివాహాలను, విడాకులను కూడా కీలక జీవన ఘటనల గణాంకాలలో (వైటల్ స్టాటిస్టిక్స్) భాగంగానే లెక్కించాలని ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం సభ్యదేశాలకు సిఫారసు చేస్తూ వస్తోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై 1న పౌర నమోదు మొదలైనప్పుడే జనన మరణాల సరసన వివాహాలు కూడా చేరాయి. మన 1969 చట్టంలో జననం, మరణం, మృత శిశు జననం ఉన్నాయి, వివాహం లేదు.

ఎందుకు లేదంటే, అప్పటికే వివాహం మతాలవారీ చట్టాల కింద విడివిడి గదుల్లో సర్దుకుని ఉంది. క్రైస్తవులకు 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ఉంది. చర్చిలో పెళ్లి జరిపించే గురువు రిజిస్టర్ రాసి, వాటి నకళ్లను నిర్ణీత కాలంలో పైకి పంపాలని అది చెబుతుంది. ముస్లిం వివాహాలకు 1880 నాటి ఖాజీల చట్టం ఆధారంగా నియమితులైన ఖాజీలు ఉన్నారు. పార్సీలకు 1936 చట్టం, మతంతో సంబంధం లేకుండా పెళ్లి చేసుకోదలచినవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నాయి. సిక్కుల కోసం 1909లో వచ్చిన ఆనంద్ వివాహ చట్టంలో నమోదుకు వీలు కల్పించే సవరణ 2012లో గానీ రాలేదు. జనాభాలో అత్యధికులకు వర్తించే 1955 నాటి హిందూ వివాహ చట్టం ఎనిమిదవ సెక్షన్‌లో నమోదును ఐచ్ఛికంగా ఉంచింది. తప్పనిసరి చేయాలనుకుంటే రాష్ట్రాలు చేసుకోవచ్చని, చేసినా ఉల్లంఘనకు జరిమానా 25 రూపాయలకు మించరాదని, నమోదు చేయించకపోయినంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని అందులో ఉంది. ఈ చివరి మాట న్యాయమైనదే. నమోదు కాలేదన్న సాకుతో కోట్లాది మంది స్త్రీల వివాహాలు చెల్లవని ఎవరూ అనకుండా అది కాపాడింది. అయితే నమోదు చేయించుకోవలసిన అవసరమే లేదన్న భావన కూడా దాని నీడలోనే పెరిగింది.

ఇక్కడే ఒక అపోహను తొలగించాలి. నమోదు వేరు, చెల్లుబాటు వేరు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో, హిందూ వివాహ చట్టం కోరే సంప్రదాయ క్రతువు ఏదీ జరగకుండా కేవలం ధ్రువపత్రం తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాబోదని స్పష్టం చేసింది. అంటే పెళ్లి జరిగి నమోదు కాకపోయినా పెళ్లే. నమోదై పెళ్లి జరగకపోతే పెళ్లి కాదు. ధ్రువపత్రం సాక్ష్యం మాత్రమే. కానీ భర్త మొహం చాటేసినప్పుడు, పింఛను కోసం కార్యాలయం మెట్లెక్కినప్పుడు, అసలు పెళ్లే జరగలేదని అవతలివారు బుకాయించినప్పుడు ఆ సాక్ష్యమే స్త్రీకి ఆధారం. ఈ వ్యాసమంతా గణాంకాల గురించే అయినా, అంకెల వెనుక ఉన్న కాగితం విలువ అటువంటిదని మరచిపోకూడదు.

తెలుగు రాష్ట్రాల్లో ఆ కాగితం ఎన్ని దారుల్లో పుడుతుందో చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే నిర్బంధ వివాహ నమోదు చట్టం చేసింది. వివాహ నమోదుపై 2006లో వచ్చిన సుప్రీంకోర్టు ఆదేశాలకు ముందే ఇటువంటి చట్టం ఉన్న కొద్ది రాష్ట్రాల్లో మనది ఒకటి అన్నది గుర్తుంచుకోదగిన విషయం. దీని కింద గ్రామంలో పంచాయతీ కార్యదర్శి దగ్గర వివాహ నమోదు జరుగుతుంది. దీనికి పక్కనే రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖకు చెందిన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో హిందూ వివాహ చట్టం కింద నమోదు జరుగుతుంది. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు ఆధారాలు, సాక్షులతో దంపతులు అక్కడికి వెళతారు. ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు పెట్టి జరిపే పెళ్లిళ్లు కూడా ఆ కార్యాలయంలోనే. ముస్లిం కుటుంబాల్లో ఖాజీ రాసే సియాహానామా (నిఖా వివరాల పత్రం) వక్ఫ్ బోర్డు దగ్గరకు చేరుతుంది, ధ్రువపత్రం అక్కడి నుంచి వస్తుంది. క్రైస్తవుల పెళ్లిళ్లు చర్చి రిజిస్టర్‌లోకి వెళతాయి. ఈ దారులన్నీ వేర్వేరు శాఖలకు చెందినవి. పంచాయతీరాజ్, రిజిస్ట్రేషన్లు, మైనారిటీ సంక్షేమం, చర్చి యాజమాన్యాలు ఎవరి రిజిస్టర్ వారు రాసుకుంటారు. ఇవన్నీ కలిసి ఒక చోట కూడికలోకి వచ్చే ఏర్పాటు కేంద్ర చట్టంలో లేదు.

ఒకవేళ అన్నింటినీ ఒకచోట కూడినా వచ్చే మొత్తం పెళ్లిళ్ల సంఖ్య అవుతుందా? కాదు, దానికి చాలా కారణాలున్నాయి. ఒకే జంట ఊరి పంచాయతీలో ఒకసారి, వీసా కోసం సబ్ రిజిస్ట్రార్ దగ్గర మరోసారి నమోదు చేయించుకుంటే ఒక పెళ్లి రెండుగా లెక్కకు వస్తుంది. 1990లలో పెళ్లయినవారు పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే సందర్భంలో ఈ ఏడాది ధ్రువపత్రం తీసుకుంటే, పాత పెళ్లి ఈ ఏటి రిజిస్టర్‌లో కొత్తగా కనిపిస్తుంది. నమోదైన తేదీని బట్టి పట్టిక వేస్తే ఒక చిత్రం, పెళ్లి జరిగిన తేదీని బట్టి వేస్తే మరో చిత్రం వస్తాయి. రెండు తేదీలూ కంప్యూటర్‌లోకి విడివిడిగా ఎక్కకపోతే ఆ తేడాను తర్వాత ఎవరూ సరిచేయలేరు. పెళ్లికూతురిది ఒక జిల్లా, పెళ్లికొడుకుది మరో జిల్లా, కల్యాణమండపం మూడో జిల్లా, పెళ్లి తిరుమల కొండ మీద జరిగితే నాలుగోది. జననానికి స్థలం ఒక్కటే. పెళ్లికి ఎవరి స్థలాన్ని లెక్కలోకి తీసుకోవాలో ముందే నిర్ణయించి అందరూ ఒకే పద్ధతి పాటించకపోతే జిల్లాల అంకెలకు అర్థం ఉండదు.

అన్నింటికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ధ్రువపత్రం అవసరమున్నవారే నమోదుకు వెళతారు. విదేశాలకు వెళ్లేవారు, ప్రభుత్వోద్యోగులు, కులాంతర వివాహం చేసుకుని పెద్దల నుంచి రక్షణ కోరేవారు ఎక్కువగా కనిపిస్తారు. అడవి అంచున ఉన్న గూడెంలోని జంట, భూమి లేని కూలీల కుటుంబం తక్కువగా కనిపిస్తాయి. ఈ అసమానతను కొంత తగ్గించినవి పెళ్లి సాయం పథకాలు. తెలంగాణలో 2014 అక్టోబర్ 2న మొదలైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు 51 వేల రూపాయలతో ప్రారంభమై తరువాత 1,00,116 రూపాయలకు పెరిగాయి. వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలన్నది నిబంధన. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి అమలైన కల్యాణమస్తు, షాదీ తోఫా పథకాలు వధూవరులిద్దరూ పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్న షరతు కూడా పెట్టాయి. ఇటువంటి పథకాల దరఖాస్తులు పేద కుటుంబాల పెళ్లిళ్లను కాగితం మీదకు తెచ్చాయి, అది మంచిదే. అయితే అవి అర్హుల జాబితాలు మాత్రమే. ఆదాయ పరిమితి దాటినవారు, వయసు చాలనివారు, చదువు షరతుకు అందనివారు అందులో ఉండరు. పథకం మారితే అంకె మారుతుంది. ఆ అంకె పెరిగిందని పెళ్లిళ్లు పెరిగాయనుకోవడం, తగ్గిందని తగ్గాయనుకోవడం రెండూ పొరపాట్లే.

చట్టాన్ని దారికి తెచ్చే ప్రయత్నాలు జరగలేదా అంటే, జరిగాయి. మహిళలపై వివక్షను నిర్మూలించే అంతర్జాతీయ ఒడంబడికను భారత్ 1993లో ఆమోదించినప్పుడు, వివాహాలన్నిటినీ తప్పనిసరిగా నమోదు చేయాలన్న నియమాన్ని సూత్రప్రాయంగా అంగీకరిస్తూనే, ఇన్ని ఆచారాలు, మతాలు, అక్షరాస్యతలో ఇన్ని అంతరాలు ఉన్న సువిశాల దేశంలో అది ఆచరణ సాధ్యం కాదని ప్రకటన జోడించింది. పదమూడేళ్ల తరువాత, 2006 ఫిబ్రవరి 14న, సీమా వర్సెస్ అశ్వనీకుమార్ కేసులో న్యాయమూర్తులు అరిజిత్ పసాయత్, ఎస్.హెచ్. కపాడియాల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ వాదనను పక్కకు నెట్టి, భారత పౌరులందరి వివాహాలను, వారు ఏ మతస్థులైనా, పెళ్లి జరిగిన రాష్ట్రంలో తప్పనిసరిగా నమోదు చేయాలని ఆదేశించింది. వయసు, అంతకుముందు అవివాహితులా విడాకులు పొందినవారా అన్న వివరాలు నమోదులో స్పష్టంగా ఉండాలని కూడా చెప్పింది. గణాంకాల దృష్టితో చూస్తే ఈ రెండో ఆదేశం మొదటి దానికన్నా తక్కువ ముఖ్యమైనదేమీ కాదు.

రాష్ట్రాలు నియమాలు చేశాయి, కానీ ఎవరికి తోచిన శాఖకు వారు అప్పగించాయి. కేరళ 2008లో చేసిన ఉమ్మడి నియమాల్లో స్థానిక సంస్థల్లో జనన మరణాలు నమోదు చేసే రిజిస్ట్రార్‌కే పెళ్లిళ్ల నమోదు కూడా ఇచ్చింది. నా దృష్టిలో అదే సరైన ఎంపిక. అలవాటైన చేయి, అలవాటైన రిజిస్టర్, పైకి పంపే దారి అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. కేంద్రం కూడా అదే ఆలోచనతో 1969 చట్టంలో వివాహాలను చేర్చే సవరణ బిల్లును 2012లో తెచ్చింది. 2013 ఆగస్టులో రాజ్యసభ దాన్ని ఆమోదించింది. లోక్‌సభలో ఆమోదం పొందకముందే 15వ లోక్‌సభ గడువు ముగిసి బిల్లు మురిగిపోయింది. 2017 జూలైలో లా కమిషన్ తన 270వ నివేదికలో అదే సవరణను మళ్లీ సిఫారసు చేసింది. ఆలస్యమైతే రోజుకు 5 రూపాయల చొప్పున, మొత్తం 100 రూపాయలకు మించకుండా జరిమానా ఉండవచ్చని సూచించింది. 2023లో పార్లమెంటు 1969 చట్టాన్ని నిజంగానే సవరించింది. ఆ సవరణ ప్రకారం, 2023 అక్టోబర్ 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరడానికి, ఓటు నమోదుకు, వివాహ నమోదుకు కూడా జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. వివాహ నమోదు ప్రస్తావన ఆ విధంగా చట్టంలోకి వచ్చింది గానీ, వివాహాన్ని నమోదు చేయవలసిన ఘటనగా మాత్రం చట్టం గుర్తించలేదు. ఆ అవకాశం చేజారిందన్న బాధ గణాంకాల విలువ తెలిసినవారెవరికైనా కలుగుతుంది.

ఈ మధ్యలో ఉత్తరాఖండ్ 2025 జనవరి 27 నుంచి అమలులోకి తెచ్చిన ఉమ్మడి పౌరస్మృతిలో వివాహాలతో పాటు విడాకుల నమోదు కూడా తప్పనిసరైంది, షెడ్యూల్డు తెగలను మినహాయించి. ఆ చట్టం మీద ఉన్న ఇతర వాదోపవాదాల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. లెక్కల వరకు చూస్తే, పెళ్లినీ విడాకులనూ ఒకే వ్యవస్థలో రాయడమన్నది గమనించవలసిన అంశం.

నమోదు ఇంత అసంపూర్ణంగా ఉన్నప్పుడు మనకు తెలిసినదంతా ఎక్కడి నుంచి వస్తోంది? ప్రధానంగా జనగణన నుంచి. 1881 జనగణన నుంచీ ప్రతి వ్యక్తికి పెళ్లయిందా, కాలేదా, జీవిత భాగస్వామి పోయారా అన్నది అడుగుతూనే ఉన్నారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది కూడా 1881 డిసెంబరులోనే. ఊరూరా తెలిసిన బాలవితంతువుల దుఃఖం వయసులవారీ పట్టికల్లో అంకెగా కనిపించడం మొదలైన కాలమది; తరువాతి దశాబ్దాల్లో సంస్కర్తలు, 1920లలో గాంధీజీ కూడా, ఆ అంకెలనే చూపి వాదించారు. చట్టం అంకెను ఎలా కదిలిస్తుందో కూడా జనగణనే చూపింది. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం 1929 సెప్టెంబరులో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. నడుమ ఉన్న ఆరు నెలల్లో తల్లిదండ్రులు తొందరపడి పిల్లల పెళ్లిళ్లు చేసేయడంతో, 1931 జనగణనలో 15 ఏళ్లలోపు వివాహితుల సంఖ్య తగ్గడానికి బదులు 1921 నాటికన్నా పెరిగి కనిపించింది. ఆ ఆరు నెలల సంగతి తెలియనివాడు పట్టికను మాత్రమే చూస్తే చట్టం బాల్యవివాహాలను పెంచిందని రాసేసే ప్రమాదం ఉంది.

జనగణన ఎన్యూమరేటర్‌కు ఇచ్చే సూచనల్లో ఒక ఉదారత ఉంది. పెళ్లి చట్టప్రకారం జరిగిందా, ధ్రువపత్రం ఉందా అని అడగరు. ఆచారమో సమాజమో గుర్తించినా, ఇద్దరూ స్థిరంగా కలిసి కాపురం చేస్తున్నా, ఆ వ్యక్తి పెళ్లయిందని చెబితే అలాగే రాసుకుంటారు. ఊళ్లో ఎవరైనా ఆ పెళ్లిని కాదన్నా సరే. కాబట్టి జనగణనలోని వివాహితులు, చట్టం దృష్టిలోని వివాహితులు సరిగ్గా ఒకటే కానవసరం లేదు. 2011లో ప్రస్తుతం పెళ్లయి ఉన్నామని చెప్పిన స్త్రీలు, అలా చెప్పిన పురుషులకన్నా సుమారు 66 లక్షలు ఎక్కువ. పెళ్లికి ఇద్దరు కావాలి కదా, ఈ తేడా ఎక్కడిది? ఒకడికి ఇద్దరు భార్యలు ఉండటం కొంత కారణం కావచ్చు. కానీ పెద్ద కారణం మన జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెలకు బాగా తెలిసినదే. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే, జనగణన రోజుల్లో దేశంలో లేడు కాబట్టి అతను లెక్కలోకి రాడు. ఇంట్లో ఉన్న భార్య వివాహితగా లెక్కకు వస్తుంది. గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన స్త్రీల ఇళ్లలో ఇదే లెక్క తిరగబడుతుంది. వదిలేసి వెళ్లిన భర్త గురించి బయటికి చెప్పుకోలేక, పెళ్లయిందని మాత్రమే చెప్పి ఊరుకునే స్త్రీలు కూడా ఈ 66 లక్షలలో ఎంతో కొంతమంది ఉంటారు.

అదే 2011లో జనగణన ఒక మంచి మార్పు చేసింది. అంతకుముందు విడాకులు పొందినవారిని, విడిపోయి ఉంటున్నవారిని ఒకే గడిలో వేసేవారు. ఈసారి వేరు చేశారు. విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలని, విడిపోయి ఉంటున్నవారు దాదాపు 35 లక్షలని తేలింది. మన దేశంలో విడాకులు చాలా తక్కువ అని గర్వంగా చెప్పుకునేవారు ఈ రెండో అంకెను కూడా పక్కన పెట్టుకుని మాట్లాడాలి. కోర్టు గడప ఎక్కకుండా, మనోవర్తి ఏమీ నిర్ణయం కాకుండా, మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు లేకుండా పుట్టింట్లో ఉండిపోయిన స్త్రీ విడాకుల అంకెలో ఎప్పటికీ కనిపించదు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడింది. కులపెద్దల సమక్షంలో తెగిపోయే అటువంటి పెళ్లిళ్ల రికార్డు ఏ కార్యాలయంలోనూ ఉండదు. కుటుంబ న్యాయస్థానాల్లో కేసుల సంఖ్య ఉంటుంది, కానీ కేసు వేరు, డిక్రీ (కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) వేరు. పైగా డిక్రీ వచ్చిన సంగతి పెళ్లిని నమోదు చేసిన రిజిస్ట్రార్‌కు చేరే ఏర్పాటు సాధారణంగా లేదు. రిజిస్టర్‌లో ఆ పెళ్లి అలాగే నిలిచి ఉంటుంది.

పెళ్లి వయసును తెలుసుకోవడానికి జనాభా శాస్త్రజ్ఞులు వాడే ఒక పద్ధతి చెప్పుకోదగినది. 1953లో జాన్ హజ్నల్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో ఎవరినీ మీకు ఏ వయసులో పెళ్లయిందని అడగనక్కరలేదు. ఒక్కో వయోవర్గంలో పెళ్లికానివారి శాతం తెలిస్తే చాలు. ఒక ఊహాజనిత ఊరు తీసుకుందాం. 15 ఏళ్లలోపు ఆడపిల్లలెవరికీ పెళ్లి కాలేదు, అంటే 15 ఏళ్ల అవివాహ జీవితం అందరికీ ఉంది. 15 నుంచి 19 వరకు ఉన్నవారిలో 80 శాతం మంది పెళ్లికానివారైతే ఆ ఐదేళ్లలో సగటున 4 ఏళ్లు చేరతాయి. 20 నుంచి 24 వరకు 30 శాతమైతే ఒకటిన్నర ఏళ్లు, 25 నుంచి 29 వరకు 8 శాతమైతే 0.4, 30 నుంచి 34 వరకు 2 శాతమైతే 0.1. ఆపైన అందరికీ పెళ్లయిపోయింది. మొత్తం కలిపితే 21; ఆ ఊళ్లో స్త్రీల సగటు పెళ్లి వయసు 21 ఏళ్లని తేలుతుంది. తన పెళ్లి నాటి వయసు గుర్తులేని పెద్దావిడను, కూతురి పెళ్లి వయసు 18 అని సర్ది చెప్పే తండ్రిని ప్రశ్నించవలసిన పని లేకుండానే ఈ జవాబు వస్తుంది. అయితే పెళ్లి వయసు వేగంగా మారుతున్న సమాజంలో ఈ సగటు పాత తరాలనూ కొత్త తరాలనూ కలిపేస్తుందన్నది దాని పరిమితి.

జనగణన పదేళ్లకొకసారి జరిగేది. 2021లో జరగవలసింది ఆగిపోయి, ఇప్పుడు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. ఈ సుదీర్ఘ విరామంలో ఆధారం సర్వేలే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో 6.37 లక్షల ఇళ్లలో, 7.24 లక్షల మంది స్త్రీలతో జరిగింది. 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు దేశం మొత్తం మీద 23.3 శాతం, 2005-06లో ఇది 47.4 శాతం. ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్ అంకె 29.3, తెలంగాణది 23.5. అక్షరాస్యత, ఆదాయం పెరిగిన ఆంధ్రప్రదేశ్ దేశ సగటుకన్నా వెనుకబడి ఉండటం మనం సిగ్గుపడి ఆలోచించవలసిన విషయం.

ఆ వయోవర్గాన్నే ఎందుకు ఎంచుకున్నారు? 18 నిండనివారిని అడిగితే ఇంకా పెళ్లి కావలసినవారు ఉంటారు, లెక్క తేలదు. 40 ఏళ్లవారిని అడిగితే పాతకాలపు సంగతి తెలుస్తుంది. 20 నుంచి 24 వరకు ఉన్నవారు ఆ గీత ఈమధ్యే దాటినవారు. అయినా 2019లో ఆ వయసులో ఉన్నవారు 18 నిండించుకున్నది సుమారుగా 2013, 2017 మధ్య. కాబట్టి ఆ 29.3 శాతం 2019 నాటి బాల్యవివాహాల రేటు కాదు, అంతకు కొన్నేళ్ల ముందు జరిగిన పెళ్లిళ్ల కథ. ప్రభుత్వాలు తమ హయాంలో తగ్గిందని, ఎదుటివారి హయాంలో పెరిగిందని వాదించుకునేటప్పుడు ఈ కాలవ్యత్యాసాన్ని దాటవేస్తుంటారు.

ఇదే విషయంలో పోలీసు లెక్క చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం బాల్యవివాహాల నిషేధ చట్టం కింద దేశమంతటా నమోదైన కేసులు 2020లో 785, 2021లో 1,050, 2022లో 1,002. సర్వే లక్షల్లో చూపేది పోలీసు రికార్డు ఆ ఏళ్లలో వెయ్యి దగ్గరే చూపింది. పరిపాలనా రికార్డు జరిగిన దాన్ని చూపదు, ఫిర్యాదు అందిన దాన్ని చూపుతుంది. వివాహ రిజిస్టర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. వయసు చాలని పెళ్లి నమోదుకు రాదు, వచ్చినా తిప్పి పంపుతారు. అన్నిటికన్నా ముందు లెక్కకు రావలసిన పెళ్లిళ్లే రిజిస్టర్‌లో లేకుండా పోతాయి. ఈ కారణం చేతనే నమోదు ఎంత పెరిగినా సర్వేల అవసరం తీరిపోదు.

చాలామంది దృష్టికి రాని మరో ఆధారం జనన నివేదిక ఫారమే. అందులోని గణాంక భాగంలో తల్లికి పెళ్లినాటికి వయసెంత, ఈ కాన్పునాటికి వయసెంత అన్న ప్రశ్నలున్నాయి. అలాగే నమూనా నమోదు వ్యవస్థ ఎంపిక చేసిన గ్రామాల్లో, పట్టణ వాడల్లో ఇంటింటికీ తిరిగి, స్త్రీ కాపురానికి వచ్చిన వయసు సగటును ఏటా ప్రకటిస్తుంది. మూడుముళ్లు పడిన రోజుకు, కాపురం మొదలైన రోజుకు ఏళ్ల తేడా ఉండే కుటుంబాలు ఒకప్పుడు చాలా ఉండేవి కాబట్టి ఆ వ్యవస్థ రెండో తేదీనే పట్టుకుంది. సంతానోత్పత్తి లెక్కలకు కావలసింది అదే.

వీటన్నిటినీ కలిపి చూస్తే, జనన మరణాల రిజిస్ట్రార్ దగ్గరే పెళ్లికి కూడా ఒక ఫారం, దానికి విడదీయగల గణాంక భాగం ఉంటే ఎంత పని జరుగుతుందో తెలుస్తుంది. ఆ భాగంలో పది వివరాలు కూడా అక్కరలేదు. పెళ్లి తేదీ, నమోదు తేదీ, ఇద్దరి పుట్టిన తేదీలు, చదువు, వృత్తి, సొంత జిల్లాలు, అంతకుముందు వైవాహిక స్థితి ఉంటే చాలు. ఖాజీ, చర్చి గురువు, సబ్ రిజిస్ట్రార్ తమ పద్ధతిలో తాము పెళ్లి రాసుకుంటూనే ఈ ఒక్క కాగితాన్ని అదే చోటికి పంపవచ్చు. వ్యక్తిగత చట్టాల జోలికి వెళ్లవలసిన పనిలేదు. పేర్లు గణాంక భాగంలో ఉండకూడదు. మతాంతర, కులాంతర జంటల వివరాలు ఎవరి చేతికి చిక్కితే ఏమవుతుందో తెలుగు రాష్ట్రాల్లో జరిగిన పరువు హత్యలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కుటుంబ న్యాయస్థానం డిక్రీ ఇచ్చిన ప్రతిసారీ ఒక చిన్న సమాచార పత్రం రిజిస్ట్రార్‌కు వెళ్లాలి, పెళ్లి తేదీ అందులో ఉండాలి. ఎన్నేళ్లకు పెళ్లిళ్లు విడిపోతున్నాయన్నది అప్పుడే తెలుస్తుంది. ఇక్కడ పెళ్లి చేసుకుని విదేశాలకు వెళ్లిపోయే ప్రవాస భారతీయుల విషయంలో 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు 30 రోజుల్లో నమోదు తప్పనిసరి అని ప్రతిపాదించింది. అదీ చట్టం కాలేదు. అమెరికా సంబంధం చేసి, ఆరు నెలల తరువాత అల్లుడి ఫోన్ పలకక తిరుగుతున్న తల్లిదండ్రులు ఎంతమంది ఉన్నారో ఈ రోజు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు, ఎందుకంటే ఆ పెళ్లిళ్లు మొత్తం ఎన్నో మొదట తెలియదు.